రూపాయికి ఎనిమిది పైసలు: మన గ్రంథాలయాల పాత లెక్క

మన సంఘ సభ్యులలో చాలామంది ఇంటిపన్ను ఠంచనుగా కట్టి రశీదు ఫైలులో భద్రపరచుకునే బాపతు. నలభై ఏళ్లు ఫైళ్ల మధ్య బ్రతికిన వాళ్లం, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? అయితే ఆ పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కలిసి ఉంటుందన్న సంగతి ఎంతమంది గమనించారో తెలియదు. వెయ్యి రూపాయల ఇంటిపన్ను కట్టే పెన్షనరు ఏటా 80 రూపాయలు తన ఊరి గ్రంథాలయానికి ఇస్తున్నాడన్నమాట. నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి గనుక, ఆ ఎనిమిది పైసలు మన దగ్గరకు ఎలా వచ్చాయో ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు వ్రాయాలనిపించింది.

మొదట్లో సర్కారు సొమ్ము లేదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు దానికి మూలపురుషులు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకానికి ఒక కొంప ఏర్పాటు చేయడమంటే చిన్న పని కాదు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. ఇటు బెజవాడలో 1911లో రామ్మోహన ధర్మ పుస్తక భాండాగారం ఏర్పడింది.

ఆ బెజవాడలోనే 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులంతా సమావేశమై ఒక సంఘంగా ఏర్పడ్డారు. దీనికి పూనుకున్న అయ్యంకి వెంకట రమణయ్య గారికి అప్పటికి ఇరవై నాలుగేళ్లు నిండలేదు. అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. చూపు మందగించిన మనిషిని తెచ్చి పుస్తకాల సభకు అధ్యక్షుడిగా కూర్చోబెట్టారంటే, చదువు పట్ల ఆ తరానికి ఉన్న గౌరవం ఏపాటిదో ఊహించుకోవచ్చు. ఈ అయ్యంకి వారే తరువాత 'గ్రంథాలయ సర్వస్వం' పత్రిక నడిపారు, ఊరూరా తిరిగారు, 1972లో పద్మశ్రీ పొందారు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయిలో పౌర గ్రంథాలయ మహాసభ జరగడం వెనుక కూడా మన ఆంధ్రుల చేతే ఉంది. వారోత్సవాలు నవంబరు 14నే మొదలవుతాయంటే అది నెహ్రూ గారి పుట్టినరోజు కాబట్టి అనుకుంటారు చాలామంది. ఈ మహాసభ జరిగిన తేదీ కూడా అదేనని మన పిల్లలకు చెప్పవలసి ఉంది.

వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం సంగతి వేరే చెప్పాలి. చేనేతకు పేరుపడ్డ ఆ చిన్న ఊళ్లో 1929లో గాంధీజీ గ్రంథాలయ భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర అక్కడ భద్రంగా ఉంది. కర్ర కంటే విలువైనవి అక్కడి పాత పత్రికల బైండ్లు అని నా అభిప్రాయం. పెద్ద పట్నాల్లో దొరకని సంచికల కోసం పరిశోధకులు ఆ ఊరికి రైలెక్కి వస్తారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పడవ గ్రంథాలయం. గుంటూరు జిల్లా పెదపాలెంలో సేవాశ్రమం నడిపిన పాతూరి నాగభూషణం గారు 1935లో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువలో పుస్తకాల పడవ ఏర్పాటు చేశారు. అప్పట్లో డెల్టా కాలువలే రోడ్లు. గట్టు వెంట ఉన్న ఊళ్లకు, పడవ ప్రయాణికులకు పుస్తకం దగ్గరకు వచ్చేది. పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే పాఠకుడి దగ్గరకు వెళ్లాలని ఇప్పుడు సెమినార్లలో చెబుతుంటారు. ఆయన తెడ్డు వేయించి చూపించారు.

కానీ చందాల మీద ఎన్నాళ్లు? ఉత్సాహవంతుడు ఒకడు ఊరు విడిచిపోతే బీరువాకు తాళం పడేది. ఈ లోటు తీర్చాలనే గ్రంథాలయ చట్టం కోరారు. మద్రాసులో ఎస్.ఆర్. రంగనాథన్ గారు ముసాయిదాకు తోడ్పడగా, విద్యామంత్రి అవినాశిలింగం చెట్టియారు గారి హయాంలో 1948లో చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో అదే మొదటి గ్రంథాలయ చట్టం. ఇంటిపన్ను రూపాయికి అర్ధణా సెస్సు విధించారు. హైదరాబాదు రాష్ట్రంలో 1955లో మరో చట్టం వచ్చింది. రెండింటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టం చేశారు. జిల్లా గ్రంథాలయ సంస్థలు దాని క్రింద పనిచేసేవే. సెస్సు కాలక్రమేణా 8 పైసలైంది. 2014లో రాష్ట్రం రెండైనా పద్ధతి మాత్రం ఆ చట్టంలోనిదే.

ఇక్కడ గుమాస్తాగా నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. సెస్సు వసూలు చేసేది పంచాయతీ లేదా మునిసిపాలిటీ. ఖర్చు పెట్టవలసింది గ్రంథాలయ సంస్థ. మధ్యలో సొమ్ము ఒక చేతి నుండి ఇంకో చేతికి మారాలి. చిక్కంతా అక్కడే. డిమాండు, వసూలు, బకాయి రిజిస్టర్లు తిరగేసిన వాళ్లెవరికైనా ఇది కొత్త కాదు. వసూలైన సెస్సు వీధిదీపాలకో, బ్లీచింగు పౌడరుకో, సిబ్బంది జీతాలకో ఖర్చయిపోయేది. "గ్రంథాలయ సెస్సు జమ చేయలేదు" అని ఆడిట్ వారు అభ్యంతరం వ్రాసేవారు. మరుసటి ఏడాది అదే వాక్యం, అంకె మాత్రం పెద్దది. పంచాయతీలది దురుద్దేశమని నేను అనను. దీపం వెలగకపోతే జనం నిలదీస్తారు, కొత్త పుస్తకం రాకపోతే ఎవరూ అడగరు. అందుకని పుస్తకం వంతు చివరకు పోయింది. అయినా అది పన్నుదారు ఫలానా పనికని ఇచ్చిన సొమ్ము. వేరే పద్దుకు వాడడానికి లేదు.

ఇందులో నష్టపోయేది ఎవరు? ఒకసారి హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం చూసి రండి. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలతో కిటకిటలాడుతూ ఉంటుంది. ఊరి నుండి వచ్చి ఇరుకు గదిలో నలుగురితో సర్దుకునే కుర్రాడికి అక్కడి కుర్చీ, ఫ్యాను, దీపం, పాత ప్రశ్నపత్రాల పుస్తకమే పెట్టుబడి. చిన్న ఊళ్ల శాఖా గ్రంథాలయాలకూ అటువంటి పిల్లలు వస్తున్నారు. కుర్చీలు చాలక గోడకు ఆనుకుని చదివేవాళ్లను నేనే చూశాను. సెల్ ఫోను వచ్చాక గ్రంథాలయం ఎందుకనేవారికి ఇంతకు మించి జవాబు అక్కర లేదు.

మనం చేయగలిగినవి ఉన్నాయి. వారోత్సవాల్లో చాలాచోట్ల పుస్తక ప్రదర్శన, పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వ పోటీలు పెడతారు. వాటికి న్యాయనిర్ణేతలు దొరకక గ్రంథపాలకులు అవస్థపడుతుంటారు. మనలో రిటైరైన ఉపాధ్యాయులున్న కుటుంబాలు ఎన్నో. ముందుగా వెళ్లి పేరు ఇస్తే సంతోషిస్తారు. పుస్తకాలు ఇవ్వదలచినవారు అటకమీద చెదలు తిన్న వారపత్రికలు కాకుండా, మనుమలు చదివి ముగించిన పోటీపరీక్షల పుస్తకాలు ఇవ్వండి. మీ పంచాయతీ లేదా మునిసిపాలిటీ గత మూడేళ్లలో ఎంత సెస్సు వసూలు చేసింది, ఎంత జమ చేసింది అని సమాచార హక్కు చట్టం, 2005 క్రింద ఒక దరఖాస్తు పెట్టండి. దరఖాస్తు వ్రాయడం మనకు ఎవరూ నేర్పనక్కర లేదు.

ఇంకొక్క మాట. ప్రొద్దున్నే వెళ్లి నాలుగు పేపర్లు చదివి వచ్చే మన మిత్రులు చాలామంది గుమ్మం దగ్గరి పాఠకుల రిజిస్టరులో సంతకం పెట్టరు. "రోజూ వచ్చేవాళ్లమే గదా" అంటారు. ఆ శాఖకు ఎంతమంది వస్తున్నారని పై అధికారులు అడిగినప్పుడు గ్రంథపాలకుడు చూపించేది ఆ రిజిస్టరునే. కళ్లజోడు తీసుకువెళ్లేటప్పుడు ఒక కలం కూడా జేబులో పెట్టుకోండి, అక్కడ దారానికి కట్టిన కలం ఎప్పుడూ వ్రాయదు.