ఓడలో విందునకు ఉడుపులు

పెండ్లికి పోవునపుడు పట్టుబట్ట, పొలమునకు పోవునపుడు ముతకబట్ట కట్టవలెనని మనకు ఎవరును చెప్పనక్కరలేదు. కాని భార్యాబిడ్డలతో ఓడ యెక్కి పది పదునైదు దినములు సముద్రముమీద గడపవలసి వచ్చిన గృహస్థు రాత్రి భోజనమునకు ఏమి ధరించి బల్లవద్దకు పోవలెను? ప్రశ్న చిన్నదే. కాని దీనికి లోకము చెప్పుకొన్న సమాధానములలో నూటయేబది యేండ్ల చరిత్ర ఇమిడియున్నది. అందు కొన్ని పుటలను నేడు తిరుగవేయుదము.

19వ శతాబ్దమున ఇంగ్లండులోని సంపన్న గృహములందు పురుషులు వెనుక తోకలు వ్రేలాడు నల్లకోటును, తెల్లని మెడపట్టీని ధరించి రాత్రి విందునకు కూర్చుండుట మర్యాదగా నుండెను. ఆ మర్యాదయే ఓడ లెక్కినది. 1869 నవంబరు 17న స్వెజు కాలువ తెరువబడెను. ఆఫ్రికా ఖండమును చుట్టి నెలల తరబడి సాగిన ప్రయాణము, ఒకే ఓడలో కొలది వారములలో ముగియ నారంభించెను. ఓడలు పెద్దవైనవి. మొదటి తరగతి భోజనశాల గొప్పవారి యింటి భోజనశాలకు ప్రతిబింబమైనది.

అయితే ఎఱ్ఱసముద్రపు వేడిమి ఈ మర్యాదల నెరుగదు. 1875లో వేల్సు యువరాజు ఎడ్వర్డు "సెరాపిస్" అను ఓడపై భారతదేశమునకు వచ్చుచు, తోకలు లేని పొట్టికోటును భోజనమునకు ధరించు పద్ధతిని తన పరివారములో ప్రవేశపెట్టెను. క్రమముగా అట్టి పొట్టికోటు లోకమంతటను విందు కోటుగా స్థిరపడెను. అమెరికావారు దానిని న్యూయార్కు చెంతనున్న ఒక ఊరి పేరున టక్సీడో అనిరి. ఆ కోటుక్రింద నడుమునకు చుట్టు పట్టీ మాత్రము ఇక్కడిదే. కమర్‌బంద్ అను పారసీమాట హిందూస్థానీ ద్వారమున ఆంగ్లభాషలో చేరినది. మన తెలుగువారి దట్టి దానికి చుట్టమే. మనదేశపు నడికట్టును దొరలు కట్టుకొనిరి. ఆ దొరల భోజనశాలలోనికి మనవారు పోవలెనన్నచో దొరల కోటు కావలసి వచ్చినది.

ఓడలందు మరియొక ఆచారము పుట్టెను. బయలుదేరిన రాత్రియు, దిగుటకు ముందటి రాత్రియు విందు ఉడుపుల నిర్బంధము లేదు. కారణము సులభము. మొదటి రాత్రి పెట్టెలు విప్పబడవు. చివరి రాత్రికి అవి కట్టబడియుండును. ఆచారములలో ననేకము ఇట్టి చిన్న అవసరములనుండియే పుట్టుచుండును.

ఇదంతయు పైఅంతస్తుల మాట. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి రంగూనుకు కూలికై పోయిన వేలకొలది తెలుగువారు డెక్కుమీద చాపలు పరచుకొని, మూట విప్పి, ఉన్న గుడ్డతోనే తినిరి. ఏమి ధరించవలెనను ప్రశ్న వారికి రాలేదు. బల్ల యున్నవారికే ఆ ప్రశ్న.

ఈ ప్రశ్నతో పెనగులాడి, ఆ కథను దాచక ఆత్మకథలో వ్రాసికొన్నవారు మహాత్మాగాంధి. 1888 సెప్టెంబరు 4న, పందొమ్మిదవ యేడు నడచుచుండగా, ఆయన బొంబాయిలో "క్లైడు" అను ఓడ నెక్కిరి. కుట్టించిన దుస్తులలో మెడపట్టీ ఆయనకు రోత కలిగించినది. పొట్టికోటు సిగ్గుమాలినదిగా తోచినది. చాకును, ఫోర్కును పట్టుట తెలియదు. వడ్డనలో మాంసములేని పదార్థములేవియో అడుగుటకు ధైర్యము చాలదు. కావున బల్లవద్దకు పోక, వెంట తెచ్చుకొన్న మిఠాయిలతోను పండ్లతోను తన గదిలోనే కాలము గడపిరి. ఓడలో నల్లని సూటు ధరించి, దిగునపుడు శోభించునని తెల్లని ఫ్లానెలు సూటును దాచియుంచిరి. సెప్టెంబరు చివర ఇంగ్లండు రేవున చూడగా తెల్లని దుస్తులవారు తామొక్కరే! దిగినది శనివారము, పెట్టెలు ఏజెంటు చేతికి పోయినవి, మరునాడు ఆదివారము. ఆ తెల్లని సూటులోనే సిగ్గుతో వేచియుండవలసి వచ్చినది.

ఎనిమిదేండ్లు గడచినవి. 1896 చివర ఆయన కస్తూరిబాను, ఇద్దరు కుమారులను, మేనల్లుని వెంటబెట్టుకొని "కూర్లాండు" అను ఓడపై దక్షిణాఫ్రికాకు పయనమైరి. కుటుంబముతో చేసిన తొలి సముద్రయానమదియే. ఇప్పుడు ఉడుపుల నిర్ణయము ఆయనదే. నాగరకులుగా కనబడనిచో గౌరవము దక్కదని ఆయన ఆనాటి నమ్మకము. పూర్తిగా దొరల వేషము తగదని తోచి, అప్పుడు నాగరకులని పేరొందిన పార్సీల పద్ధతి నవలంబించిరి. కస్తూరిబాకు పార్సీచీరకట్టు, పిల్లలకు పార్సీకోటు, పంట్లాము. అందరికిని బూట్లు, మేజోళ్లు తప్పవు. మేజోళ్లు చెమటకు కంపుకొట్టినవి. బూట్లు కరచి పిల్లల కాలివ్రేళ్లు పుండ్లుపడినవి. చాకులు, ఫోర్కులు పట్టుట మరింత కష్టమైనది. అయినను ఇంటి యజమాని మాట, కాదనలేక సహించిరి.

ఓడ డర్బను చేరినది. బొంబాయిలో ప్లేగు వ్యాపించియుండెనను కారణమున ప్రయాణికులను దిగనీయలేదు. ఈ భారతీయులను వెనుకకు పంపవలెనని రేవులోని తెల్లవారు సభలు చేయుచుండిరి. ఇరువదిమూడు దినములు ఓడ నీటిమీదనే నిలిచినది. ఆ నడుమ క్రిస్మసు వచ్చినది. కప్తాను పై తరగతి ప్రయాణికులను విందునకు పిలిచెను. వారిలో ముఖ్యులు గాంధీజీ కుటుంబమే. విందు ముగిసిన పిమ్మట గాంధీజీ పాశ్చాత్య నాగరకతను గూర్చియే ప్రసంగించిరి.

1897 జనవరి 13న ఆయన ఒడ్డున దిగగానే గుంపు పైబడి, తలపాగా లాగివేసి, రాళ్లు రువ్వి, కొట్టినది. పోలీసు సూపరింటెండెంటు భార్య తన గొడుగును అడ్డుపెట్టి నిలిచినందున ప్రాణము దక్కినది. ఆ రాత్రి మిత్రుని యింటిని గుంపు చుట్టుముట్టగా, ఆయన భారతీయ కాన్‌స్టేబులు దుస్తులు ధరించి, తలపై ఒక పళ్లెమునుంచి, దానిపై మద్రాసు వస్త్రమును తలపాగావలె చుట్టుకొని తప్పించుకొనిరి. ఏ ఉడుపులు గౌరవము తెచ్చునని పిల్లల పాదములను నొప్పించిరో, అవి రేవున అక్కరకు రాలేదు. భోజనపు పళ్లెము మాత్రము తలకు కవచమైనది!

తరువాత ఆ వ్యామోహము తొలగినది. 1931 ఆగస్టు 29న రౌండుటేబులు సమావేశమునకై "రాజపుతానా" అను ఓడ నెక్కినపుడు ఆయన మొలపై కొల్లాయి, భుజముపై శాలువ మాత్రమే. అనుచరులు తెచ్చిన అనవసరపు పెట్టెలను ఏడెనునుండి వెనుకకు పంపించివేసిరి. ఆ వేషముతోనే ఇంగ్లండు రాజు ఇంటికి తేనీటి విందునకు వెళ్లిరి.

తదుపరి విమానములు వచ్చినవి. 1967లో మూతపడిన స్వెజు కాలువ 1975 వరకు తెరువబడలేదు. ప్రయాణమునకు ఓడ నెక్కు కాలము గడచి, విహారమునకు ఎక్కు కాలము వచ్చినది. 2000లో నార్వీజియన్ కంపెనీవారు విందు ఉడుపుల నిర్బంధమును సడలించి, ఇచ్చవచ్చిన వేళ, ఇచ్చవచ్చినట్లు భుజింపవచ్చుననిరి. "క్వీన్ మేరీ 2" వంటి ఓడలలో మాత్రము కొన్ని రాత్రులు పాత మర్యాద నేటికిని నడచుచున్నది. 2022 జూన్‌లో విహారనౌక విశాఖపట్టణము రేవునకే వచ్చినది. డెక్కుమీద చాప పరచినవారి మునిమనుమలు భోజనశాలలో కూర్చుండుచున్నారు.

అట్లు బయలుదేరు కుటుంబములకు మేము చెప్పదగినది కొంచెమే. ఓడవారి నియమములను ముందే చదువుకొనుడు. సంప్రదాయ వేషమును మన్నించుచోట పట్టుచీరయు, జరీపంచెయు ఏ కోటుకును తీసిపోవు. చల్లగాలికి ఒక శాలువ ఉంచుకొనుడు. పిల్లలకు క్రొత్త బూట్లు కొనినచో ఓడ యెక్కక పూర్వమే నాలుగు దినములు ఇంటిలో తొడిగి చూడుడు. కరచుచున్నవని వారు చెప్పినచో వినుడు. 1896లో ఆ పిల్లల మాట సాగలేదు.