మాల్దీవుల ఒడ్డున విడిది: బతూతా నాటి నుంచి బికినీ బీచ్ దాకా

మాల్దీవులకు నాలుగు రాత్రుల సెలవు మీద వెళ్దామనుకున్నవాళ్ళు గది వెతకడం మొదలుపెట్టగానే అడిగేది ఒక్కటే: "బీచ్ ఫ్రంటేనా?" తలుపు తీస్తే ఇసుక, ఇసుక దాటితే నీళ్ళు ఉండాలి. ఆ కోరికకు ఆ దీవుల్లో వయసు యాభై చిల్లర ఏళ్ళే. మనుషులు అక్కడ రెండు వేల ఏళ్ళకు పైగా కాపురముంటున్నారు. సముద్రానికి ఎదురుగా పడుకోవాలని మాత్రం వాళ్ళలో ఎవరికీ తోచినట్టు లేదు. ఎందుకు తోచలేదో, తర్వాత ఎవరికి తోచిందో తెలుసుకుంటే ఇవాళ గది ఎంచుకోవడం కొంచెం తేలికవుతుంది.

1343లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా అక్కడ దిగాడు. ఖాజీ కొలువు చేశాడు, పెద్దింట పెళ్ళి చేసుకున్నాడు, ఏడాదిన్నర ఉండి చివరికి మనస్పర్థలతో వెళ్ళిపోయాడు. ఆయన రాసిపెట్టిన వాటిలో ఇళ్ళ వర్ణన నాకు బాగా నచ్చుతుంది. నేల చెమ్మగా ఉంటుంది కాబట్టి చెక్కిన రాళ్ళు వరసగా పేర్చి, వాటి మీద కొబ్బరి దూలాలు పరిచి, ఇంటి అడుగును నేల మీద నుంచి ఎత్తి కట్టేవారట. గోడలు చెక్కవి. వాకిట్లో మగవాళ్ళు కూర్చునే అరుగులాంటి గది ఒకటి, దాని పక్కన నీళ్ళ కుండ, అందులో పొడుగాటి కర్రకు బిగించిన కొబ్బరి చిప్ప. గొప్పవాడూ బీదవాడూ అందరూ ఉత్తకాళ్ళతోనే తిరుగుతారు, వీధులు ఊడ్చి శుభ్రంగా ఉంటాయి, అయినా ఇంట్లోకి వచ్చే ప్రతివాడూ ఆ కుండ దగ్గర కాళ్ళు కడుక్కోవాల్సిందే. ఇవాళ అక్కడి కొన్ని ఖరీదైన రిసార్టుల్లో పడవ దిగగానే చెప్పులు తీయించి గుడ్డ సంచిలో వేయించి, తిరుగు ప్రయాణం దాకా ఇవ్వరు. గది మెట్ల దగ్గర కాళ్ళు కడుక్కోవడానికి కుండ, చిప్ప పెడతారు. అతిథులు దాన్ని కొత్త ఫ్యాషన్ అనుకుంటారు.

ఆ ఊళ్ళలో ఇళ్ళు పగడపు రాతి ప్రహరీల వెనక, చెట్ల మధ్య ఉండేవి. ఒడ్డుకూ ఊరికీ నడుమ మొగలి పొదలూ ఉప్పుగాలికి తట్టుకునే చెట్లూ కలిసి దట్టమైన కట్టలా నిలిచేవి. గాలినీ ఉప్పు తుంపరనూ ఆపేది అదే. ఒడ్డు పనిచోటు. పడవలు లాగిపెట్టేది అక్కడ, చేపలు ఉడికించి ఎండబెట్టేది అక్కడ, కొబ్బరి డొక్కల్ని నెలల తరబడి నీటి గుంటల్లో పాతిపెట్టి పీచు తీసేది అక్కడ. కోనసీమలో పీచు నానే కాలవ పక్కన నడిచినవాళ్ళకు ఆ వాసన సంగతి చెప్పక్కర్లేదు. అలాంటి చోట కిటికీ పెట్టుకుని ఎవరు పడుకుంటారు? ఇంటి వెనక మాత్రం ఆకాశం కింద, గోడల మధ్య, ఒక బావితో స్నానాల చోటు ఉండేది. దాన్ని గిఫిలి అంటారు. పై కప్పు లేని స్నానాల గది అని ఇప్పుడు రిసార్టులు ప్రత్యేకంగా ధర కట్టి అమ్మేది దానినే.

బతూతా తర్వాత అక్కడ పేరుకెక్కిన విదేశీ అతిథి తనంతట తాను వచ్చినవాడు కాదు. పిరార్ ద లావాల్ అనే ఫ్రెంచివాడు 1602లో ఓడ పగిలి ఒడ్డున పడ్డాడు, అయిదేళ్ళు బందీగా ఉండి అక్కడి భాష నేర్చుకుని తర్వాత పుస్తకం రాశాడు. పగిలిన ఆ ఓడ పేరు కార్బిన్. ఈ పేరు గుర్తుంచుకోండి.

1960లలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి బృందం ఒకటి వచ్చి చూసి, ఈ దీవులు పర్యాటకానికి పనికిరావని తేల్చింది. బ్యాంకు లేదు, సరైన విమానాశ్రయం లేదు, బయటి ప్రపంచంతో ఫోను లేదు. వాళ్ళ లెక్క కాగితం మీద తప్పేమీ కాదు. కానీ 1971లో ఇటలీ ట్రావెల్ ఏజెంటు ఒకాయన జనం తొక్కని దీవుల కోసం వెతుకుతూ కొలంబోలో మాల్దీవుల రాయబార కార్యాలయం తలుపు తట్టాడు. ఆయన పేరు జార్జ్ కార్బిన్. (370 ఏళ్ళ తేడాతో రెండు కార్బిన్‌లు, ఒకటి మునిగింది, ఒకటి తేలింది.) అక్కడ పనిచేస్తున్న అహ్మద్ నసీమ్ అనే కుర్రాడు ఆయన్ని రాజధాని మాలేకు తీసుకెళ్ళాడు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో కార్బిన్ ఇరవై మందికి పైగా ఇటాలియన్లను వెంటబెట్టుకొచ్చాడు. హోటలన్నది లేదు కాబట్టి మాలేలో ఇళ్ళల్లోనే దించారు. నసీమ్ తర్వాతి కాలంలో ఆ దేశానికి విదేశాంగ మంత్రి అయ్యాడు.

ఆ ఇటాలియన్ల ముచ్చట చూసి నసీమ్, మహమ్మద్ ఉమర్ మనికు, హుసేన్ అఫీఫ్ చేతులు కలిపి, మాలే పక్కనే కొబ్బరి తోటగా ఉన్న ఒక దీవిలో 1972 అక్టోబరు 3న కురుంబా అనే రిసార్టు తెరిచారు. 30 గదులు. పగడపు రాయి గోడ, కొబ్బరాకు కప్పు. రేవు లేదు, అతిథులు మోకాళ్ళ లోతు నీళ్ళల్లో సామాను నెత్తిన పెట్టుకుని దిగేవారు. స్నానానికి వచ్చేవి ఉప్పదనం పోని బావి నీళ్ళే. బయటివాళ్ళతో మాట్లాడాలంటే రేడియో ఒక్కటే దిక్కు. అయినా ఆ ఏడే బండోస్ అనే ఇంకో దీవి రిసార్టు కూడా తెరుచుకుంది. రెండూ కలిపి 280 పడకలు. ఆ సంవత్సరం వచ్చినవాళ్ళు సుమారు వెయ్యి మంది. ఇప్పుడు ఏడాదికి ఇరవై లక్షలు దాటుతున్నారు.

ఒడ్డున గది అన్న ఆలోచన మాల్దీవుల్లో అక్కడ పుట్టింది. అలా కట్టడానికి ఖాళీ దీవి కావాలి, ఊరున్న దీవిలో ఒడ్డు ఖాళీగా ఉండదు. ప్రభుత్వానికీ అదే అనువుగా ఉంది. పూర్తిగా ముస్లిం దేశం, మద్యం నిషిద్ధం, ఈత దుస్తులు ఊళ్ళో కనబడకూడదు. అందుకని ఒక దీవికి ఒక రిసార్టు అన్న పద్ధతి స్థిరపడింది. నిర్మాణాలు కొబ్బరి చెట్టు ఎత్తు దాటకూడదన్నారు, దీవి విస్తీర్ణంలో అయిదో వంతుకు మించకూడదన్నారు. ఊళ్ళల్లో అక్కడక్కడా మొదలైన గెస్ట్‌హౌస్‌లను ఎనభైలలో మూయించారు. 1981లో మాలే పక్కనున్న హుల్హులే విమానాశ్రయం అంతర్జాతీయ స్థాయికి రావడంతో యూరపు చార్టర్ విమానాలు నేరుగా దిగాయి.

దీనివల్ల గది ఎంచుకునేవాడికి వచ్చిన చిక్కు ఒకటుంది. రిసార్టులో దిగాక పక్క వీధిలో ఇడ్లీ బండి ఉండదు. ఆ దీవికి కరెంటు ఆ దీవి జనరేటరే ఇవ్వాలి, మంచినీళ్ళు సముద్రపు నీటి నుంచి అక్కడే తీయాలి. భోజనం కలిపి బుక్ చేయకపోతే రెండో పూటకే జేబు సంగతి తెలిసొస్తుంది. జనరేటరుకూ పడవల రేవుకూ దగ్గరి గది ఎంత ఒడ్డునున్నా నిద్ర పట్టనివ్వదు. దీవి పటం తెప్పించుకుని గది నంబరు చూసుకోవడం చాదస్తం కాదు.

ఇక అందరూ ఫొటో దిగే నీటి మీది కుటీరాల మాట. అవి మాల్దీవులవి కావు. 1967లో పసిఫిక్‌లో తాహితీకి దగ్గరి రాయతేయా దీవిలో ముగ్గురు కాలిఫోర్నియా వాళ్ళు హోటలు పెట్టారు. వాళ్ళకు దొరికిన చోట ఇసుక ఒడ్డే లేదు. చేసేదేమీ లేక గదుల్ని కర్రల మీద నీళ్ళలోకి తోశారు. బీచ్ లేని లోటు కప్పిపుచ్చడానికి పుట్టిన గది ఇవాళ బీచ్ గది కంటే ఖరీదైపోవడం వ్యాపారపు తమాషా. మాల్దీవుల్లో అది పాతుకోవడానికి కారణం ఇంకోటి ఉంది: దీవి చిన్నది, గదులు ఎక్కువ కావాలి, చుట్టూ లోతు తక్కువ నీళ్ళ లగూన్ ఖాళీగా ఉంది. నా మటుకు నాకు చిన్నపిల్లలతోనో పెద్దవాళ్ళతోనో వెళ్తే నీటి మీది గది దండగ. ఎండలో పొడుగాటి చెక్క వంతెన మీద రోజుకు నాలుగుసార్లు నడవాలి, పిల్లల మీద నుంచి కన్ను తీయకూడదు. కొత్త దంపతుల లెక్క వేరు, వాళ్ళతో వాదించను.

ఒడ్డు గదుల విషయంలో ఎవరూ చెప్పని సంగతి ఏమిటంటే, ఆ దీవుల ఒడ్డు ఒకచోట ఉండదు. గుండ్రటి చిన్న దీవుల్లో ఇసుక ఋతువును బట్టి తిరుగుతుంది. మే నుంచి నైరుతి గాలికి పడమటి వైపు అలలు కొట్టి ఇసుకను తూర్పుకు తోస్తాయి. డిసెంబరు నుంచి ఈశాన్యపు గాలి దాన్ని మళ్ళీ పడమటికి తెస్తుంది. జనవరిలో వెడల్పుగా కనబడిన బీచ్ జులైలో గది మెట్ల దాకా తరిగిపోవచ్చు. అక్కడివాళ్ళకు ఇది తరతరాలుగా తెలుసు. వాళ్ళ నకై పంచాంగం మన కార్తెలకు తోబుట్టువే: 27 నక్షత్రాలు, ఒక్కోటీ 13, 14 రోజులు. మన అశ్వినిని వాళ్ళు అస్సిద అంటారు, పుష్యమిని ఫుస్ అంటారు. ఏప్రిల్‌లో అస్సిదతో వానల కాలం మొదలు, డిసెంబరు రెండో వారంలో మూలతో తెరిపి కాలం మొదలు. ఏ కార్తెలో ఏ చేప పడుతుందో, ఎప్పుడు పడవ తీయకూడదో అన్నీ దాని మీదే.

కాబట్టి సంక్రాంతి సెలవుల్లో వెళ్తే మామూలుగా పడమటి గది మేలు. సూర్యాస్తమయం పేరు చెప్పి దానికి ఎక్కువే వసూలు చేస్తారు, అప్పుడు మాత్రం ఆ డబ్బుకు న్యాయం ఉంది. వానాకాలంలో తక్కువ ధరకు వెళ్తే తూర్పు గది తీసుకోండి, నీళ్ళు కుదురుగా ఉంటాయి, ఇసుకా ఉంటుంది. దీవి ఆకారాన్ని బట్టి, చుట్టూ ఉన్న పగడపు దిబ్బను బట్టి ఈ లెక్క మారుతుంది కాబట్టి ఫలానా నెలలో ఆ గది ముందు ఇసుక ఎంత ఉంటుందని రిసార్టు వాళ్ళను సూటిగా అడగాలి. సముద్రం కనబడాలని ఒడ్డు చెట్లు కొట్టేసిన దీవుల్లో కోత మరీ ఎక్కువ. ఇసుక బస్తాలూ రాతి అడ్డుకట్టలూ అక్కడే కనబడతాయి. ఉప్పాడ ఊరిని సముద్రం కోసుకుపోతుంటే చూసినవాళ్ళకు ఆ రాళ్ళ అర్థం వేరే చెప్పాలా?

1998లో ఎల్ నినో వేడికి అక్కడి లోతు తక్కువ నీళ్ళలోని పగడాల్లో అధిక భాగం తెల్లబారి చచ్చిపోయాయి. కోలుకుంటున్నాయి అనుకునేసరికి 2016లో మళ్ళీ దెబ్బ తగిలింది. ఒడ్డు నుంచి ఈదుకుంటూ వెళ్ళి రంగుచేపలు చూడాలన్నది మీ కోరికైతే, గది కన్నా ముందు ఆ దీవి సొంత పగడపు దిబ్బ ఎంత దూరమో, ఇప్పుడెలా ఉందో కనుక్కోవాలి. కొన్ని దీవులకు నీలంగా మెరిసే పెద్ద లగూన్ ఉంటుంది, దిబ్బ మాత్రం పడవెక్కితే తప్ప అందదు. ఫొటోలో అందంగా పడేది లగూన్, చేపలుండేది దిబ్బ దగ్గర. ఇక 2004 డిసెంబరు 26 సునామీలో వంద మందికి పైగా చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. చాలా రిసార్టులు మూతపడి మళ్ళీ కట్టుకున్నాయి. మళ్ళీ కట్టినవి మునుపటికన్నా ఖరీదైనవి.

మధ్యతరగతికి తలుపు తెరుచుకున్నది 2009లో. అంతకు ముందు ఏడాది చివర అధికారంలోకొచ్చిన అధ్యక్షుడు నషీద్ ప్రభుత్వం ఊరున్న దీవుల్లో గెస్ట్‌హౌస్‌లకు మళ్ళీ అనుమతి ఇచ్చింది. అంతవరకూ జైలు పేరు చెబితే గుర్తొచ్చే మాఫుషి దీవి కొద్ది ఏళ్ళలో వరస గెస్ట్‌హౌస్‌లతో నిండిపోయింది. అక్కడ విదేశీయుల ఈత కోసం కంచె కట్టి వేరు చేసిన ముక్కే బికినీ బీచ్. మద్యం ఊళ్ళో ఉండదు, కావలసినవాళ్ళు తీరానికి దూరంగా లంగరేసిన పడవకు వెళ్తారు. ఇలాంటి చోట ఒడ్డు గది కోసం పట్టుబట్టడం అనవసరం. ఊరే చిన్నది, ఏ గది నుంచైనా సముద్రం కొద్ది నిమిషాల నడక. ఆ డబ్బుతో ఇంకో రాత్రి ఉండొచ్చు. తాడు అల్లిన జోలి కుర్చీల్లో సాయంత్రం ఊరి పెద్దవాళ్ళ పక్కన కూర్చోవడం రిసార్టులో దొరకదు.

తక్కువ రోజుల ప్రయాణాన్ని అసలు తినేసేది దారి. సీప్లేన్లు పగటి వెలుగులోనే ఎగురుతాయి. సాయంత్రానికి మాలేలో దిగితే ఆ రాత్రి అక్కడో పక్కనున్న హుల్హుమాలేలోనో గడపాల్సిందే. తిరుగు విమానం పొద్దున్నే ఉంటే ముందు రోజే వెనక్కి రావాలి. నాలుగు రాత్రుల్లో రెండు అలా పోతాయి. స్పీడు బోటు అందే ఉత్తర, దక్షిణ మాలే అటోల్‌లలో (పగడపు దీవుల గుంపుల్లో) ఒక మెట్టు తక్కువ గది, దూరపు అటోల్‌లోని రాజభోగం కంటే నయం. బిల్లు సంగతీ ముందే చూసుకోవాలి. 2025 జనవరి నుంచి రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్, జులై నుంచి 17 శాతం పర్యాటక జీఎస్టీ, వాటితో పాటు 10 శాతం సర్వీసు చార్జీ. తెర మీద కనబడే మొదటి ధరలో ఇవి ఉన్నాయో లేదో చూడకుండా పోల్చడం వృథా.

కరోనాకు మూసిన సరిహద్దులను 2020 జులై 15న మళ్ళీ తెరిచినప్పుడు, ఒక దీవికి ఒక రిసార్టు అన్న పాత పద్ధతి ఆ కాలానికి అతికినట్టు సరిపోయింది. మన సినిమావాళ్ళ ఫొటోలతో ఫోన్లు నిండిపోయాయి. 2021 నుంచి మూడేళ్ళు అక్కడికి వచ్చినవాళ్ళలో భారతీయులే ముందున్నారు. 2024 జనవరిలో మన ప్రధాని లక్షద్వీప్ పర్యటన మీద మాల్దీవుల డిప్యూటీ మంత్రులు చేసిన వ్యాఖ్యలతో వివాదం రేగాక ఆ సంఖ్య బాగా పడిపోయింది.

ఈ లోగా కట్టడాలు ఇంకో మెట్టెక్కాయి. 2019లో మాలేకు దగ్గరి ఎంబూదూ లగూన్‌లో తెరిచిన క్రాస్‌రోడ్స్ రిసార్టు సముదాయంలో దీవులే మనుషులు చేసినవి, లగూన్ అడుగు ఇసుక తవ్వి పోసి నిలబెట్టినవి. అక్కడ ఒడ్డు గది దొరకడం తేలిక, స్పీడు బోటులో పావుగంట. పాత చెట్ల నీడ, ఒడ్డు నుంచే ఈదివెళ్ళే దిబ్బ కావాలనుకునేవాళ్ళు మాత్రం కురుంబా, బండోస్ లాంటి పాత దీవుల వైపే చూడాలి. అవీ స్పీడు బోటు దూరంలోనే ఉన్నాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి.