జొన్నబెండు పడవకు కర్పూరం ఇంజను

శింగనమల చెరువు మరువ పారిందంటే చుట్టుపక్కల ఊళ్లకు తిరునాళ్లే. విజయనగర కాలం నాటి ఈ చెరువును శ్రీరంగరాయల చెరువంటారు. అనంతపురం సీమలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వాన మొహం చాటేసిన ఏడాది పిల్లల పడవకు ఇంట్లో పళ్లెమే చెరువు.

పెద్దల పడవ మాత్రం ఏమంత ఘనమైనది? హరిగోలు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసువాడు డొమింగో పాయెస్ దాని సంగతి రాసిపెట్టాడు. బుట్టలా గుండ్రం, లోపల బెత్తం, పైన తోలు. పదిహేను ఇరవై మంది ఎక్కొచ్చు. తిన్నగా మాత్రం పోదు, గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. గంపకు తోలు తొడిగి తుంగభద్ర దాటిన బుద్ధి అది. ఆ తుంగభద్ర నీళ్లే ఇప్పుడు ఎగువ కాలువ గుండా శింగనమల చెరువుకూ ఆసరా.

పిల్లలదీ అదే బుద్ధి. ఎండిన జొన్నదంటు పేడు ఒలిస్తే లోపల తెల్లటి బెండు; దానితో బండి చేస్తారు, కళ్లజోడు చేస్తారు, పడవా చేస్తారు. జొన్న తగ్గి చెనక్కాయ పంట వచ్చాక పొట్టు చిప్పే పడవైంది. తేలుతుంది గానీ, నానితే చతికిలబడుతుంది. నా ఓటు బెండుకే.

బొటనవేలంత బెండు ముక్కను పలచగా చీల్చండి. ముందు మొన తీసి, వెనక చిన్న గాటు పెట్టి, అందులో నీళ్లకు తగిలేలా కర్పూరం పలుకు ఇరికించండి. నీళ్లలో వదలగానే పడవ తనంతట తానే పరుగెడుతుంది. కర్పూరం కరిగినచోట నీటి పైపొర పట్టు సడలుతుంది, ముందున్న నీరు పడవను తనవైపు లాక్కుంటుంది.

తలకు నూనె రాసుకున్న చేత్తో ఆ నీళ్లు ముట్టుకున్నారో, ఆట కట్టు! ఎంత నూనె పడితే కర్పూరం ఆగుతుందో 1890లో ఇంగ్లండులో లార్డ్ రేలీ కొలిచాడు. దాదాపు 33 అంగుళాల వెడల్పు తొట్టికి ఒక మిల్లీగ్రాము కూడా పట్టలేదట. అంటే మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే, ఆ నూనె పొర మందం రెండు భాగాల లోపే. అణువు ఎంత ఉంటుందో అంచనా కట్టడానికి అదొక దారి అయింది.

కర్పూరం విషం, పిల్లల నోటికి అందనీయకండి. పళ్లేన్ని మాత్రం జిడ్డు లేకుండా బూడిదతో తోమి, రెండుసార్లు కడిగి పెట్టుకోండి.