వీసానికి పొరుగు సంఖ్య: తెలుగు భిన్న చిహ్నాలు, వాస్తవ సంఖ్యల సాంద్రత

భూమి దస్తావేజులో స్థలానికి నాలుగు వైపులా హద్దులు రాయడం ఆనవాయితీ. రంగారెడ్డి జిల్లా నార్సింగిలో ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాల లెక్కన కొలిచిన ప్రతి స్థలానికీ ఇరుగుపొరుగు ఉంటుంది. ఇరుగుపొరుగు స్థలాలను వేరుచేసే హద్దు ఒకే గీత. ఆ గీతపై ఉన్న బిందువుకు మాత్రం పొరుగు బిందువు లేదు. వాస్తవ సంఖ్యల స్థితీ ఇదే. రెండు వేర్వేరు సంఖ్యలను కూడి సగం చేస్తే వచ్చేది వాటి నడుమ ఉంటుంది. దానికీ మొదటిదానికీ నడుమ మరొకటి. నిరూపణ ఇంతటితో ముగుస్తుంది. దాని వెనుక చరిత్ర మాత్రం దీర్ఘమైనది. అందులో తెలుగు కరణాల లెక్కలకూ చోటివ్వాలి.

తెలుగు లెక్కలలో భిన్నాలను నాలుగేసి వంతులుగా విభజించి రాసేవారు. పాతికకు నిలువు గీత ౹, అందులో నాలుగో వంతైన వీసానికి అడ్డగీత ౼. రెండు, మూడు వంతులకు రెండేసి, మూడేసి గీతలు. వీసంలో నాలుగో వంతుకు మళ్లీ నిలువు గీత, ఆపైన మళ్లీ అడ్డగీత. 2008 నాటి యూనికోడ్ 5.1లో ఈ చిహ్నాలకు స్థానం లభించింది. ఇక్కడ గుర్తుల పొదుపుకన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది: ఎంత లోతుకు దిగినా కొత్త గుర్తు అక్కరలేదు. కరణం ఆగేది లెక్క అవసరం తీరినచోట. రాత పద్ధతిలో ఆగవలసిన చోటంటూ లేదు. అతి చిన్న భిన్నం లేదని కరణాలు సిద్ధాంతీకరించారనడం అతిశయోక్తే అవుతుంది. వారి రాత ఆ భావనకు అడ్డుపడలేదని మాత్రం చెప్పవచ్చు.

మూడో వంతు దగ్గర ఈ పద్ధతికి అసలు పరీక్ష. పాతిక రాస్తే 1/12 మిగులుతుంది. వీసం చేరిస్తే 1/48. ఆపై గీతతో 1/192. ౹౼౹౼ అంటూ ఎంత దూరం సాగినా శేషం నాలుగో వంతుకు తగ్గుతుందే కాని సున్న కాదు. కేరళ గణితవేత్త నీలకంఠ సోమయాజి ఆర్యభటీయ భాష్యంలో సరిగ్గా ఈ శ్రేణినే తీసుకొని, దాని మొత్తం 1/3 అని చూపాడు. అంతకు చాలా ముందే ఆర్కిమెడీస్ పరావలయ వైశాల్యానికి ఇదే శ్రేణిని వాడాడు. శ్రేణి మూడో వంతుకు కోరినంత దగ్గరగా వస్తుంది; దానికి పొరుగు అనదగిన మెట్టు మాత్రం అందులో ఎక్కడా లేదు.

సాంద్రత ఒక్కటే వాస్తవ సంఖ్యల లక్షణం కాదన్నదీ ఇక్కడే తేలుతుంది. కరణం గీతలతో ముగించి రాయగల సంఖ్యలూ సాంద్రమైనవే, అయినా వాటిలో మూడో వంతు లేదు. అకరణీయ సంఖ్యలూ అంతే. వాటిలో 2 వర్గమూలం లేదు. ఇలాంటి ఖాళీలేవీ మిగలని సంఖ్యావ్యవస్థను డెడెకిండ్ 1872లో నిర్వచించాడు.

నార్సింగి పరిసరాలలోని సాఫ్ట్‌వేర్ కార్యాలయాల యంత్రాలలో పరిస్థితి తారుమారు. 1985 నాటి ఐఇఇఇ 754 ప్రమాణం ప్రకారం 64 బిట్లలో నిలిచే సంఖ్యలు పరిమితం. కనుక అక్కడ ప్రతి సంఖ్యకూ పొరుగు ఉంటుంది. 1 తరువాతి సంఖ్యకు చేరాలంటే 2కు 52వ ఘాతంలో ఒక వంతు కలపాలి. అక్కడ 0.1కి 0.2 కలిపితే 0.3గా నిల్వ ఉన్న సంఖ్య రాదు, దాని పై పొరుగు సంఖ్య వస్తుంది.