10 వాట్ల పాటకి 32 వాట్ల వేడి

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క సర్క్యూట్ గురించి మాట్లాడుకుందాం. 1969 ఏప్రిల్‌లో బ్రిటన్ పత్రిక 'వైర్‌లెస్ వరల్డ్'లో జాన్ లిన్స్‌లీ హుడ్ ఇచ్చిన క్లాస్-ఏ యాంప్లిఫయర్. ఛానల్‌కి నాలుగే ట్రాన్సిస్టర్లు, 10 వాట్లు.

ఇంట్లో కట్టుకునేవాళ్లకి అప్పటిదాకా కొలబద్ద అంటే, అదే పత్రికలో 1947లో వచ్చిన విలియమ్సన్ వాల్వ్ యాంప్లిఫయరే. దాని ఖర్చూ బరువూ చాలావరకు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌వి. ట్రాన్సిస్టర్లతో ఆ బరువు పోయింది గానీ, క్లాస్-బీలో ఇంకో చిక్కు వచ్చింది: ఒక ట్రాన్సిస్టర్ ఆగి రెండోది అందుకునే చోట సిగ్నల్ వంకరపోతుంది. వాల్యూమ్ తగ్గించి వింటే మరీ తెలుస్తుంది.

లిన్స్‌లీ హుడ్ ఏం చేశారంటే, అసలు ఆగనివ్వలేదు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 27 వోల్టుల సప్లై, ఎప్పుడూ 1.2 ఆంపియర్లు. అంటే పాట లేకపోయినా ఒక్కో ఛానల్ 32 వాట్లు తాగుతూ కూర్చుంటుంది! మన ఎండాకాలంలో అయితే పక్కన ఫ్యాన్ పెట్టుకోవాల్సిందే.

కానీ ట్యూనింగ్ చూడండి. ఒక రెసిస్టర్‌తో కరెంట్, ఇంకోదాంతో మధ్య బిందువు వోల్టేజీ. అది సప్లైలో సగం, 13.5 ఉండాలి. రెండిటికీ మామూలు మల్టీమీటర్ చాలు. ఆసిలోస్కోప్ కొనలేనివాడికి ఇంతకంటే దయగల డిజైన్ నేను చూడలేదు. బాగా వేడెక్కాక మాత్రం ఆ రెండు రీడింగులూ ఇంకోసారి సరిచేసుకోండి, కాస్త కదులుతాయి.