సినిమా ఎందుకు ‘ఆడుతుంది’?

ఇంగ్లీషులో ఎక్కువ అర్థాలున్న క్రియ ఏదన్న ప్రశ్నకు జవాబు కాలంతో పాటు మారింది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో ఆ స్థానం ‘సెట్’ది. తర్వాతి సవరణలో ‘రన్’ దాన్ని దాటింది. క్రియగా దానికి 645 అర్థాలున్నట్లు సంపాదకులు లెక్కవేశారు. ఇందులో యంత్రయుగం పాత్ర పెద్దది. కాళ్లున్న ప్రాణి పరుగును చెప్పే మాట రైలుకు, గడియారానికి, కర్మాగారానికి, చివరకు కంప్యూటర్ ప్రోగ్రాముకూ అంటుకుంది.

తెలుగులో ఈ బరువంతా ఒక్క క్రియ మోయదు. మనిషి పరుగెత్తుతాడు, రైలు నడుస్తుంది, కాలువ పారుతుంది, ముక్కు కారుతుంది, బట్ట రంగు దిగుతుంది. ఎన్నికల్లో అమెరికా అభ్యర్థి ‘రన్’ అయితే మన అభ్యర్థి నిలబడతాడు! మాటకు మాట వేసే అనువాదకుడు బోర్లా పడేది ఇక్కడే.

చరిత్ర విద్యార్థి ఆగి చూడవలసింది సినిమా దగ్గర. ఇంగ్లీషులో హాల్లో ‘రన్’ అయ్యే చిత్రం తెలుగులో ‘ఆడుతుంది’. 1931లో ‘కాళిదాసు’, 1932లో ‘భక్త ప్రహ్లాద’ విడుదలయ్యే నాటికి మన జనం ఎరిగిన ప్రదర్శనలు వీధినాటకం, తోలుబొమ్మలాట, పౌరాణిక నాటకం. తొలి టాకీలకు కథలు, పద్యాలు, నటులు ఎక్కువగా నాటకరంగం నుంచే వచ్చారు. క్రియ కూడా వారి వెంటే వచ్చిందనుకోవడం సబబు. సినిమా పోస్టరు మీద ‘రోజూ 4 ఆటలు’ అని వేయడం గమనించండి.

అయితే వాక్యంలో కర్త మారాడు. నాటకాన్ని మనుషులు ఆడతారు. సినిమా తానే ఆడుతుంది. నటుడు అడుగు పెట్టని ఊళ్లో కూడా అతని బొమ్మ తెర మీద కనిపించే రోజులు వచ్చాయన్న సంగతి ఈ చిన్న మార్పులో దాగి ఉంది.

పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు ఒక్కసారిగా తరలిరాలేదు. అమీర్‌పేటలో సారథి స్టూడియో 1950ల నాటిది, అన్నపూర్ణ స్టూడియో 1976 నాటిది. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ఆ తర్వాత సినిమావారి చిరునామాలయ్యాయి. కొండ మీది ఆ ఆఫీసుల్లోనైనా, కింద కృష్ణానగర్, మోతీనగర్ టీకొట్ల దగ్గరైనా ‘బొమ్మ ఆడిందా?’ అన్న ప్రశ్నకు అర్థం ప్రదర్శన జరిగిందా అని కాదు. వారం రోజులు తెర మీద ఉన్న చిత్రాన్ని కూడా ‘ఆడలేదు’ అనేస్తారు. ఆడితే నిర్మాత మరో చిత్రం మొదలుపెడతాడు, లైట్‌బాయ్‌కి, జూనియర్ ఆర్టిస్టుకు మళ్లీ పిలుపు వస్తుంది. ఆ మాట మీద కొన్ని ఇళ్లలో పొయ్యి వెలగడం ఆధారపడి ఉంటుంది.

1980లో ‘శంకరాభరణం’ మొదట పలచటి హాళ్లతో మొదలై, తర్వాత జనం నోటిమాటతో నెలల తరబడి ఆడింది. అప్పటి కొలత రోజులు: 50, 100, 175. ఇప్పుడు ఒకేరోజు వందల తెరల మీద విడుదలయ్యే చిత్రానికి అంత వ్యవధి దొరకదు. అందుకే నేటి పోస్టర్ల మీద రోజుల సంఖ్య తగ్గి కోట్ల సంఖ్య పెరిగింది. మీ ఊరి పాత హాలులో పనిచేసిన ఆపరేటరు ఎవరైనా ఉంటే, ఆయన ‘ఆడింది’ అన్నప్పుడు రోజులు లెక్కపెడుతున్నారో, రూపాయలు లెక్కపెడుతున్నారో అడిగి రాసుకోండి.