హకీముల పుస్తకాలు – మన బాధ్యత

మన పెద్దల కాలంలో హకీము గారి ఇంట్లో మందుల అలమారుతో పాటు పుస్తకాల పెట్టె కూడా ఉండేది. స్వదస్తూరితో మందుల వివరాలు రాసుకున్న పుస్తకాన్ని బయాజ్ అనేవారు. కొన్ని వైద్యగ్రంథాల్లో మూలికల బొమ్మలు, శరీరభాగాల పటాలు ఉండేవి. హకీము గారు పోయాక ఆ పెట్టె ఏమైంది? ఉర్దూ, పారశీ చదవడం రాని మనం దాన్ని అటక మీద పడేశామా, పాతకాగితాల వాడికి తూచి ఇచ్చేశామా?

ఆ బొమ్మలకు పెద్ద చరిత్రే వుంది. 14వ శతాబ్దం చివర షీరాజ్ వైద్యుడు మన్సూర్ ఇబ్న్ ఇల్యాస్ పారశీ భాషలో శరీర నిర్మాణంపై గ్రంథం రాసి, ఎముకలు, నరాలు, కండరాలు, సిరలు, ధమనులకు నిండుపేజీ బొమ్మలు చేర్చాడు. దాని ప్రతులు మన దేశంలోనూ తయారయ్యాయి.

ఇలాంటి సంపదను కాపాడిన సంస్థలు మనకు వున్నాయి. తిరుపతిలో 1939లో దేవస్థానం వారు ప్రారంభించిన ప్రాచ్య పరిశోధనాలయం 1956లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చేరింది. అక్కడ తాళపత్రాలు భద్రంగా వున్నాయి. హైదరాబాదులో 1951లో తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియం అరబ్బీ, పారశీ వ్రాతప్రతులకు కేటలాగులు అచ్చువేసింది. అక్కడే ఉస్మానియా వైద్య కళాశాలలో 1956లో మొదలైన వైద్య చరిత్ర విభాగం పెరిగి, నేడు జాతీయ సంస్థగా వైద్యగ్రంథాలనూ చిత్రాలనూ సేకరించి చూపుతోంది.

జాబితా రాయడం పండితులకే సాధ్యమనుకోవద్దు. పుస్తకానికో నంబరు, పేరు, భాష, ఆకుల సంఖ్య, కొలత, బొమ్మలెన్ని, ఏ ఆకుమీద ఏ బొమ్మ, ఎవరింటి నుంచి వచ్చింది – ఇవి చాలు. చివరి పుట తప్పక చూడాలి. నకలు రాసినవాడి పేరు, హిజ్రీ సంవత్సరం సాధారణంగా అక్కడే వుంటాయి. నంబరు పుస్తకం మీద సిరాతో వేయకండి, విడికాగితం మీద పెన్సిలుతో రాసి లోపల పెట్టండి.

చిరిగిన పుటకు సెల్లోటేపు అంటించకండి. దాని జిగురు మరకలు పోవు. రాగి చిలుముతో చేసిన పచ్చరంగు కాలక్రమాన కాగితాన్నే తినేస్తుంది. అలాంటి పుటను పదేపదే తిప్పకుండా ఒకసారి ఫోటో తీసుకోవాలి. తేమ, ఎండ, చెదలు తగలని చోట శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి పెట్టాలి.

పుస్తకం మీ ఇంట్లోనే వుండనివ్వండి, దాని వివరం మాత్రం అందరికీ తెలియాలి. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల సభ్యులు ఈ ఏడు తమ పెట్టెలు ఒకసారి తెరిచి చూడాలని మా మనవి. జాబితాకెక్కని పుస్తకం పోయినా, పోయిందని తెలుసుకునేవారు కూడా వుండరు.